ముఖము మనది, చిత్ర మెవరిది?



గడచిన మాసమున మేము నిజామాబాదు పట్టణమందలి కంఠేశ్వర్‌లో మా బంధువుల యింట నాలుగు దినము లుంటిమి. నీలకంఠేశ్వరస్వామి యాలయమునుబట్టి యా పేట కా పేరు వచ్చినది. మేము వెళ్ళిన నాటి సాయంకాలము దైవదర్శనము చేసికొనివచ్చి వసారాలో కూర్చుండియుండగా, మాకు వరుసకు కోడలగు నొక చిన్నది తన సెల్‌ఫోనును మా చేతికిచ్చి, ఏమియు మాటాడక లోనికి పోయెను. చూచితిమి. బోధనుకు పోవు త్రోవలో నొక గోడకు కట్టిన పెద్ద ఫ్లెక్సీ యందు కనబడెను. మేనికి తెల్లదన మిచ్చు నొక లేపనమును గూర్చిన ప్రకటన యది. ప్రక్కప్రక్కనే రెండు ముఖములు. లేపనమునకు ముందని యొకదానిని నల్లగను, లేపనము తరువాత నని రెండవదానిని తెల్లగను చేసినారు. రెండును ఆ చిన్నదాని ముఖములే.

ఆ పిల్ల ఆ లేపనమును కన్నులార చూచినది కూడ కాదు.

జరిగిన దేమనగా, నిరుడు దసరాకు ముందు బజారులోని యొక చీరల దుకాణమువారు తమ కొత్త సరకును చూపుటకై చిత్రములు తీయించిరి. దుకాణదారు తండ్రికి పరిచితుడు. "మన పిల్లయే కదా" యని యడిగినాడు. పూట పని. అయిదు చీరలు మార్చి మార్చి కట్టినది. పదునైదు వందల రూపాయలును, ఒక చీరయు నిచ్చిరి. వ్రాత యేమియు లేదు. పండుగకు దుకాణముపై ఆ చిత్రము నిలిచినపుడు ఇల్లెల్ల సంతోషించినది. తల్లి ఇరుగుపొరుగువారిని పిలుచుకొనిపోయి చూపినది. ఏడాది తిరుగకమునుపే ఆ చిత్రమే యీ వేషముతో బోధను త్రోవను పట్టినది.

తండ్రి ఛాయాగ్రాహకుని యొద్దకు పోగా నతడు తడబాటు లేక చెప్పిన మాట యిది: "ఫొటో తీసింది నేను. కెమెరా నాది. పైసలు గూడ ఇచ్చిన్రు గద సార్, ఇంక మీకేం సంబంధం?"

ఈ మాట కతడు బదులు చెప్పలేక యింటికి వచ్చినాడు. ఇంతలో పిల్ల నిచ్చుటకు నిశ్చయించుకొనిన బోధనువారి యింటి పెద్దామె ఆ ఫ్లెక్సీని చూచినది. ఆమె మూర్ఖురాలు కాదు, కేకలు వేయలేదు. రెండే ప్రశ్న లడిగినది. "నువ్వు ఒప్పుకున్నవా బిడ్డా?" యని మొదటిది. లేదని పిల్ల చెప్పినది. "ఒప్పుకోలేదన్న కాగిదమేమన్న ఉన్నదా?" యని రెండవది. దానికి పిల్ల చెప్పగలిగిన దేమియు లేకపోయెను. సంబంధము తప్పలేదు గాని, ఆ వారము పెట్టుకొనవలసిన లగ్నము పెట్టుకొనలేదు. మేము వెళ్ళుసరికి ఇంటి పరిస్థితి యిది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ ఛాయాగ్రాహకుని మాటలో నిజమెంత? ముఖము పిల్లది, పనితనము అతనిది, డబ్బు దుకాణదారునిది. ఇక చిత్ర మెవరిది? ఈ ప్రశ్న ఒక్క మా కోడలికే కాదు. పెండ్లి చిత్రములు తీయించుకొను ప్రతి యింటికిని, పెండ్లికూతు నలంకరించువారు తమ పనిని చూపుటకై పెట్టుకొను ప్రతి చిత్రమునకును, చీరలకును నగలకును అద్దములవలె నిలుచు ఆడుపిల్ల లందఱికిని ఈ ప్రశ్నయే. కావున నీ నెల వంటలను, వ్రతములను ప్రక్కకుంచి యీ విషయమును మీతో ముచ్చటింపదలచినాము.

మొదట చట్టమేమనుచున్నదో చూతము. మన దేశమున దీనికి మూలము 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము. ఆ చట్టము ప్రకారము ఛాయాచిత్రమునకు కర్త దానిని తీసినవాడు. ఇంతవఱకు ఛాయాగ్రాహకుని మాట నిజమే. కాని కర్త వేఱు, హక్కుదారు వేఱు. అదే చట్టము 17వ సెక్షనున నొక నియమమున్నది. ఒకరు కోరగా, ప్రతిఫలము పుచ్చుకొని తీసిన ఛాయాచిత్రమున, దానికి విరుద్ధమగు ఒప్పందము లేనిచో, తీయించినవారే మొదటి హక్కుదారులు. అనగా మనము బయానా యిచ్చి, రుసుము చెల్లించి తీయించుకొన్న పెండ్లి చిత్రములు చట్టమునుబట్టి మనవి, స్టూడియోవారివి కావు. అయితే "విరుద్ధమగు ఒప్పందము లేనిచో" అను మాటను మఱువరాదు. స్టూడియోవారి రశీదు వెనుకను, మనము చదువక దస్కతు చేసిన కాగిదమున చిన్న అక్షరములతోను, చిత్రములను తమ ప్రకటనలకు వాడుకొనవచ్చునని వ్రాసియుండవచ్చును. అట్లున్నచో ఆ వ్రాత మనకు అడ్డు వచ్చును.

ఇక మా కోడలి విషయమున ఈ నియమము నన్వయించి చూడుడు. చిత్రములు తీయింపుమని కోరినవాడు దుకాణదారు, డబ్బిచ్చినవాడు దుకాణదారు. కాబట్టి వేఱు వ్రాత లేనందున హక్కుదారు దుకాణదారే. "కెమెరా నాది" యన్నంత మాత్రమున ఆ చిత్రమును లేపనము అమ్మువారి కిచ్చుటకు ఛాయాగ్రాహకునకు హక్కు రాదు. పెండ్లివంట చేసిన వంటవాడు గరిటె నాదని పాయసమును పొరుగింటివారికి అమ్ముకొనజాలడు గదా! అయితే యీ చట్టమునందు మఱియొక సంగతి గలదు. అది మనకు చేదైనను చెప్పక తప్పదు. చిత్రమందు ముఖమున్నంత మాత్రమున కాపీరైటు ఆ ముఖముగలవారికి రాదు. చీర కట్టి నిలిచిన పిల్లకు ఆ చిత్రముపై కాపీరైటు లేదు. ఆమెకున్న రక్షణ వేఱుచోట నున్నది: ఒకటి ఆమె వ్రాయించుకొన్న ఒడంబడిక, రెండు తన ముఖముపైనను, తన మానమర్యాదలపైనను న్యాయస్థానములు గుర్తించిన హక్కు.

ఈ రెండవ హక్కు ఒక్కనాట పుట్టినది కాదు. దాని కథ వినదగినది. పైగా అది వంటయింటి సరకుతోనే మొదలైనది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున అబిగెయిల్ రాబర్సన్ అను నొక చిన్నది యుండెను. ఆమె యనుమతి లేకుండ నొక పిండిమర కంపెనీవారు తమ గోధుమపిండి ప్రకటనలపై ఆమె చిత్రమును ఇరువదియైదు వేల ప్రతులుగ అచ్చువేయించి, దుకాణములందును బహిరంగస్థలములందును అంటించిరి. ఎఱిగినవారు చూచి నవ్వుచుండిరనియు, ఆ క్లేశముచే తాను మంచము పట్టితిననియు ఆమె దావా వేసెను. 1902లో అచటి యున్నత న్యాయస్థానము, అట్టి హక్కు చట్టమున లేదని ఆమె దావాను త్రోసివేసినది. న్యాయమూర్తులలో నలుగు రొకవైపు, ముగ్గు రొకవైపు. ప్రజలకు కోపము వచ్చినది. ఆ మఱుసటి సంవత్సరము, అనగా 1903లో, ఆ రాష్ట్ర శాసనసభ క్రొత్త చట్టము చేసినది. వ్యాపారమునకును ప్రకటనలకును ఒకరి పేరు గాని చిత్రము గాని వాడుకొనవలెనన్న వారి వ్రాతమూలకమైన అనుమతి కావలెననియు, మైనరు లైనచో తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని వ్రాసి యీయవలెననియు దాని సారము. ఒక చిన్నది న్యాయస్థానమున ఓడినను, ఆమె తరువాతి పిల్లలు గెలిచిరి. "వ్రాతమూలకమైన అనుమతి" యన్న మాటను మీరు గుర్తుంచుకొనవలెను.

మన హైదరాబాదు రాజ్యమునందును ఈ భయము పాతదే. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున ఆస్థాన ఛాయాగ్రాహకుడుగ నుండిన రాజా దీనదయాళు 1892లో హైదరాబాదునందు స్త్రీల కొఱకై ప్రత్యేకముగ నొక స్టూడియో తెఱచెను. ఘోషా స్త్రీలు పురుషుల కంటబడక చిత్రములు తీయించుకొనుటకై దానిని కెన్నీ లెవిక్ అను ఆంగ్ల వనిత చేతిలో పెట్టెను. ఆనాటి స్త్రీలకు రక్షణ గోడలలోను, తీయు మనిషి యందలి నమ్మకములోను ఉండెను. నాడు చిత్రమనగా గాజుపలక. దానిని పెట్టెలో పెట్టి తాళము వేసిన చాలు. నేడు చిత్రమునకు గోడయు లేదు, తాళమును లేదు. ఒక చేతినుండి వేయి చేతులకు నిమిషములో పోవుచున్నది. కావున గోడ చేసిన పనిని నేడు కాగిదము చేయవలసియున్నది.

ఇటీవలి కాలమున మన తెలుగు చలనచిత్రము నంటియే యొక వ్యవహారము జరిగినది. 2020 సెప్టెంబరు 5వ తేదీన "వి" అను తెలుగు చిత్రము అమెజాన్ ప్రైమునందు విడుదలయ్యెను. అందొక దృశ్యమున నొక వారవనితను చూపవలసివచ్చి, ఆమె చిత్రమని యొక నిజమైన స్త్రీ ఛాయాచిత్రమును చూపిరి. ఆ స్త్రీ ముంబయిలో నటనయు మోడలింగును వృత్తిగా గలది. తన వృత్తి కొఱకై యొక ఛాయాగ్రాహకునిచే తీయించుకొని తన ఇన్‌స్టాగ్రాము పుటలో పెట్టుకొన్న చిత్రము నెవరును అడుగకయే అట్టి పాత్రకు వాడుకొనిరని ఆమె బొంబాయి హైకోర్టు నాశ్రయించెను. ఆమె పేరు మన కనవసరము. ఇప్పటికే ఆమె పడినది చాలును. చిత్రము సమకూర్చు పనిని తాము వేఱొక యేజెన్సీకి అప్పగించితిమనియు, అనుమతి వారే తీసికొనియుందురనుకొంటిమనియు నిర్మాతలు చెప్పుకొనిరి. ఆ సాకు నిలువలేదు. ఒకరి చిత్రమును, అందును సొంతమైన చిత్రమును, వారి స్పష్టమైన వ్రాతయనుమతి లేక వాడుట మొదటిచూపునకే తప్పనియు, ఏ సందర్భమున వాడిరో దానినిబట్టి యది పరువునష్టము కూడ కావచ్చుననియు న్యాయస్థానము అభిప్రాయపడినది. 2021 మార్చి 2వ తేదీన, ఆ భాగమును తొలగించువఱకు మొత్తము చిత్రమునే తీసివేయవలెనని మధ్యంతరముగ నాజ్ఞాపించినది. ముఖమును మసకచేసిన చాలదని, ఆ చిత్రమును పూర్తిగ తీసివేయవలెననియు చెప్పినది.

ఈ వ్యవహారమునుండి మన కొక పాఠము. "బహిరంగముగ పెట్టుకొన్న చిత్రమే గదా, ఎవరైన వాడుకొనవచ్చును" అనువారు మనలోనే పలువు రున్నారు. వాకిట ముగ్గు నందఱును చూడవచ్చును. అంతమాత్రమున వాకిలి అందఱిదియు కాదు.

వ్రాత యున్నచో ఎంత బలమో తెలుపు వ్యవహార మొకటి కూడ కలదు. అమితాబ్ బచ్చను, జయా బచ్చను దంపతుల చిత్రముతో టైటాను కంపెనీవారు తమ తనిష్క్ వజ్రాభరణముల ప్రకటన చేయించిరి. ఉత్తరప్రదేశమున ముజఫర్‌నగరములోని యొక నగల వర్తకుడు అదే చిత్రమును తన దుకాణపు ప్రకటనలపై వేసికొనెను. ఆ దంపతులతో టైటానువారు వ్రాసికొన్న ఒడంబడికలు స్పష్టముగ నున్నవి. ఎవరి హక్కు లెవరికి, ఎంతవఱకు ఇయ్యబడినవో అందున్నది. 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ వర్తకుని శాశ్వతముగ నిరోధించినది. ప్రసిద్ధులకు వకీళ్లు ఒడంబడికలు వ్రాసిపెట్టుదురు. కంఠేశ్వర్ పిల్లకు వ్రాసిపెట్టువా రెవరు? ఆమెయే వ్రాసికొనవలెను. అందుకే యీ వ్యాసము.

ఒకరి యాంతరంగిక జీవనము రాజ్యాంగముచే రక్షింపబడిన ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. ఇపుడు కృత్రిమ మేధ యను యంత్రవిద్య వచ్చి, లేని మాటలను పలికించుచు, వేయని వేషములను వేయించుచున్నది. 2025 సెప్టెంబరులో మన తెలుగు నటులగు నాగార్జున ఢిల్లీ హైకోర్టునందును, చిరంజీవి హైదరాబాదు సిటీ సివిలు కోర్టునందును తమ ముఖమును, పేరును, కంఠమును అనుమతి లేక వాడరాదని యుత్తరువులు పొందిరి. నటసార్వభౌములకే యీ రక్షణ కావలసివచ్చినపుడు, నల్లగను తెల్లగను పూయబడిన మా కోడలి ముఖమునకు కావలదా?

ఇక వ్రాత యెట్లుండవలెనో చెప్పెదము. బోధను ప్రాంతపు సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు. 1937లో స్థాపింపబడి, 2015 డిసెంబరులో మూతపడిన నిజాము చక్కెర ఫ్యాక్టరీకి చెఱకు తోలిన యిండ్లవారు మీరు. తూకపు చీటీ చేతికి రాక బండి వదలి యింటికి వచ్చిన రైతును మీరెఱుగుదురా? చీటీ యడుగుట నమ్మకము లేకపోవుట కాదు, అది లెక్క. చెఱకునకున్న గౌరవము మన ముఖమునకు కూడ ఉండవలెను గదా. తెలిసినవా డనియు, అడిగిన నొచ్చుకొనుననియు మొగమాటపడవలదు. తెలిసినవానితో వ్రాసికొన్న కాగిదము స్నేహమును కాపాడునే గాని చెఱుపదు.

చీరలకో నగలకో మోడలుగ నిలుచు పిల్లకు ఈ దిగువ మాదిరి చాలును. తెలుగులోనే వ్రాసికొనవచ్చును, దస్కతు చేయువారికి అర్థమగుట ముఖ్యము.

"ఈ దినము, ఈ యూరిలో, చిత్రమున కనబడు నేనును, చిత్రము తీయు ఛాయాగ్రాహకుడును, చిత్రము తీయించు దుకాణదారును ముగ్గురము సమ్మతించి వ్రాసికొన్న ఒడంబడిక యేమనగా: ఈ దినమున ఈ స్థలమున ఈ దుకాణపు చీరలను చూపుటకై నా చిత్రములు తీయబడుచున్నవి. ఇందులకు నాకు ముట్టిన రుసుము ఇంత. ఈ చిత్రములను ఈ దుకాణపు బోర్డులమీదను, అచ్చు ప్రకటనలలోను, దుకాణమువారి స్వంత ఫోను పుటలలోను మాత్రమే వాడవలెను. ఈ వాడుక ఈ తేదీనుండి ఈ తేదీవఱకు, పిమ్మట తీసివేయవలెను. వేఱొక సరకునకు గాని, వేఱొకరికి గాని నా వ్రాతయనుమతి లేక యీయరాదు. నా ముఖమును గాని, దేహమును గాని, మేనిచాయను గాని యంత్రములచే మార్చరాదు. నా మాటలు కాని మాటలను నాకు అంటగట్టరాదు. ప్రకటించుటకుముం దేర్పఱచిన చిత్రములను నాకు చూపవలెను. ఛాయాగ్రాహకుడు తన పనితనమును చూపుటకై ఇందులో రెండు చిత్రములను తన సంపుటమున నుంచుకొనవచ్చును. ఈ షరతులు తప్పినచో చిత్రమును వెంటనే తొలగించి, నాకు ఇంత పరిహార మీయవలెను."

క్రింద ముగ్గురి దస్కతులు, తేది, ఇద్దరు సాక్షులు. ముగ్గురికిని తలకొక ప్రతి. ప్రతిని ఫోనుతో చిత్రము తీసి యింటిలో మఱియొకరి యొద్ద కూడ ఉంచవలెను.

ఈ మాదిరిలో ప్రతి మాటకును కారణ మున్నది. కాలమును, ప్రదేశమును వ్రాయుమని యేల చెప్పితిమనగా, కాపీరైటును ఒకరు మఱొకరికి వ్రాసియిచ్చునపుడు అది వ్రాతమూలకముగ నుండి దస్కతు గలిగియుండవలెనని చట్టము 19వ సెక్షనున విధించుచున్నది. అందు కాలము వ్రాయనిచో అయిదు సంవత్సరములనియు, ప్రదేశము వ్రాయనిచో భారతదేశమంతయు ననియు చట్టమే యూహించుకొనును. మనకు ఒక పండుగ కాలమే సమ్మతమైనచో ఆ మాటను మనమే వ్రాయవలెను. వ్రాయక విడిచిన ఖాళీని ఎవరో యొకరు నింపుదురు.

వయస్సు మాట యింకొకటి. పదునెనిమిదేండ్లు నిండని పిల్ల చేసిన ఒప్పందము 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టముచే చెల్లదు. కావున కాలేజీ పిల్లలచే నేరుగ దస్కతు చేయించుకొను సంస్థలను నమ్మవలదు. తల్లియో తండ్రియో చదివి, కూడ నుండి, దస్కతు చేయవలెను. చిత్రములు తీయు సమయమున కూడ ఇంటివా రొకరు ఉండుట మేలు. ఖాళీ కాగిదముపై దస్కతు ఎన్నడును వలదు. "ముందు మీరే డబ్బు కట్టుడు, మీ పిల్లను సినిమాలలోనికి పంపెదము" అను వారి యొద్ద మఱింత జాగ్రత్త కావలెను. మన డబ్బుతో తీసిన చిత్రములకు మనమే హక్కుదారులమను సంగతిని తలక్రిందులు చేసి, "ఈ చిత్రములన్నియు సంస్థవే" యని వ్రాయించుకొనువారు అందుందురు.

డబ్బు చేతులు మారక, "మాకు చిత్రములు, మీకును చిత్రములు" అని పరస్పరము ఒప్పుకొని తీసికొనుట నేడు పట్టణములందు వాడుకగ నున్నది. నేర్చుకొను ఛాయాగ్రాహకులకును, పని వెదకికొను పిల్లలకును ఇది యుపయోగమే. కాని తగవులు మెండుగ పుట్టునది యిచటనే. రుసుము లేదు గనుక రశీదు లేదు. రశీదు లేదు గనుక ఎవరు ఎవరి కొఱకు తీసిరో చెప్పుటకు ఆధారము లేదు. ఉచితమైన పనికే వ్రాత మఱింత అవసరము.

పెండ్లి చిత్రముల విషయమున ఇంత పత్రము అక్కరలేదు. బయానా యిచ్చునపుడే రశీదుపై రెండు పంక్తులు వ్రాయించుకొనుడు: "ఈ చిత్రములపై సర్వహక్కులు తీయించినవారివి. వారి వ్రాతయనుమతి లేక ఒక్క చిత్రమును కూడ స్టూడియో అద్దములందు గాని, ఫోను పుటలందు గాని, ఇతరుల ప్రకటనలందు గాని ఉంచరాదు." వధువు నలంకరించుటకు వచ్చు స్త్రీలకును ఈ మాటయే చెప్పవలెను. వారు తీసికొను చిత్రములు ఆల్బములోనివి కావు గనుక మనము మఱచిపోవుదుము.

ఛాయాగ్రాహకుల పక్షమున కూడ ఒక మాట. వారందఱును మోసగాండ్రని మేము చెప్పుటలేదు. తెల్లవారుజాముననే వచ్చి, తలంబ్రాలనాటి నుండి అప్పగింతలవఱకు నిలువుకాళ్లపై నుండి, మిగిలిన రుసుము కొఱకు ఆఱు నెలలు తిరిగిన వారిని మే మెఱుగుదుము. మాదిరి చిత్రములు లేక వారికి క్రొత్త పని రాదు. తీసినవాని పేరును తుడిచివేసి చిత్రమును వాడుకొనుట కూడ అన్యాయమే. కర్త యని చెప్పుకొను హక్కు అతనికి 57వ సెక్షనున నున్నది. అట్లే, రుసుము పుచ్చుకొని, కాలము నొప్పుకొని, నడుమ మనసు మారినదని దుకాణపు బోర్డు నూడదీయుమనుట పిల్లకును తగదు. ఒడంబడిక యనగా ఇరువైపులవారిని కట్టునది. మనకు కావలసినదానిని వ్రాయించుకొనునపుడు వారికి కావలసినదానిని కూడ వ్రాయనీయవలెను. మా మాదిరిలో రెండు చిత్రముల మాట అందుకే చేర్చితిమి.

ఇంత జాగ్రత్తపడినను కీడు జరిగినచో? మొదట ఆ ఫ్లెక్సీని గాని, ఫోను పుటను గాని తేదీతో చిత్రము తీసి దాచుకొనవలెను; తీసివేసిన పిదప సాక్ష్యముండదు. పిమ్మట తొలగింపుమని వ్రాతమూలకముగ కోరవలెను. వినకున్నచో వకీలు నోటీసు, ఆ పైన న్యాయస్థానము. స్త్రీ ఏకాంతమున నుండగా తీసిన చిత్రముల విషయమున దారి వేఱు. తీయుటకు ఆమె ఒప్పుకొన్నను, ఇతరులకు పంపుటకు ఒప్పుకొననిచో, పంపుట 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను క్రింద నేరము. మొదటి నేరమునకే ఒక సంవత్సరమునకు తగ్గక, మూడు సంవత్సరములవఱకు కారాగారము కలదు. అట్టి కష్టమున నున్న సోదరి 1930 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. తెలంగాణమున 2014 నుండి పనిచేయుచున్న షీ టీములవారికి చెప్పుకొనవచ్చును. ఇంటిలో చెప్పిన తిట్టుదురని దాచుకొనుటయే దుర్మార్గులకు పెట్టుబడి. తల్లులారా, మీ పిల్ల చెప్పుకొనుటకు మొదట మీయొద్దకే రాగలుగునట్లు మెలగుడు.

మా కోడలి కథ ముగింపక విడిచితిమి. మఱునాడు మేమును, ఆమె తండ్రియు చీరల దుకాణమునకు పోయితిమి. "మీరు డబ్బిచ్చి తీయించిన చిత్రమును మీ ఛాయాగ్రాహకుడు వేఱొకరికి అమ్ముకొన్నాడు, ఇది మా పిల్లకే కాదు, మీకును నష్టము" అని చెప్పితిమి. ఆ మాట ఆయన అంతకుముం దాలోచింపలేదు. వెంటనే తన రశీదు పుస్తకము తీసి, రుసుము చెల్లించిన తేదీని చూపి, ఛాయాగ్రాహకునకును, లేపనము వారికిని ఉత్తరములు వ్రాయించెను. పిల్ల కూడ తన పేరిట వేఱుగ నొక యుత్తరము వ్రాసినది. నాలుగవ దినమున ఫ్లెక్సీ దిగినది. తమకు అనుమతి లేకయే వాడితిమని వ్రాసి ఛాయాగ్రాహకుడు దస్కతు చేసి యిచ్చెను.

ఆ కాగిదమును పట్టుకొని పిల్ల తానే తండ్రితో బోధనుకు పోయినది. పెద్దామె కన్నద్దములు పెట్టుకొని రెండుమార్లు చదివి, మడిచి, పిల్ల చేతికే తిరిగి యిచ్చి, "ఇది నీ దగ్గరనే పెట్టుకో బిడ్డా, పారెయ్యకు" అన్నదట. లగ్నము మాఘమాసమునకు పెట్టుకొనిరి. పెండ్లి చిత్రములకై వచ్చిన స్టూడియోవారి రశీదుపై పైన చెప్పిన రెండు పంక్తులను పెండ్లికూతురే తన చేతితో వ్రాసినదని మాకు జాబు వచ్చినది.

మీ యిండ్లలో ఈ కార్తీక మాఘములలో శుభకార్యము లున్నవా? బయానా యిచ్చుటకుముందు ఆ రెండు పంక్తులు వ్రాయించితిరో లేదో మాకు తెలుపుడు. ఇట్టి కష్టము పడిన సోదరీమణులు, పేరులు చెప్పకయే, తాము చేసిన యుపాయమును వ్రాసి పంపినచో పదిమందికి మేలగును.